చిన్న స్కూటర్ ఇంజన్ ట్యూనింగ్: కృష్ణా డెల్టా అనుభవం

స్కూటర్ ఇంజన్‌లోకి పోయే గాలి, పెట్రోలు పాళ్ళనూ, ప్లగ్గు దగ్గర నిప్పు పడే వేళనూ, సిలిండర్‌లో కంప్రెషన్‌నూ, పుట్టిన శక్తి వెనక చక్రానికి చేరే తీరునూ సరిచేసి బండి పనితనం పెంచడాన్ని ట్యూనింగ్ అంటారు. ఇందులో రెండు పనులు కలిసి ఉన్నాయి. వాడకంలో అరిగి, మసిపట్టి, సడలిపోయిన శక్తిని తిరిగి రాబట్టడం ఒకటి. కంపెనీ ఇచ్చినదానికన్నా ఎక్కువ పిండుకోవడం రెండోది. గన్నవరం నుంచి విజయవాడ ఆటోనగర్ దాకా హైవే వెంట ఉన్న షెడ్లలో ‘ట్యూనింగ్ చేయాలి’ అని బండి దించితే అది దాదాపు ఎప్పుడూ మొదటి పనే. కుర్రకారు ఫోన్లలో చూసి ముచ్చటపడేది రెండోది. డెల్టాలో స్కూటర్ మోసే బరువు, తిరిగే దారి, పీల్చే గాలి లెక్కలోకి తీసుకుంటే ఖర్చుకు తగ్గ ఫలితం మొదటిదాంట్లోనే ఉంది.

ఎందుకో అంకెలు చెబుతాయి. ఈ ప్రాంతంలో విరివిగా కనిపించే హోండా యాక్టివా 110లో, 2020 తర్వాతి ఇంజన్ సామర్థ్యం 109.51 సీసీ. సిలిండర్ బోరు 47 మిల్లీమీటర్లు, పిస్టన్ స్ట్రోకు 63.1 మిల్లీమీటర్లు. నిమిషానికి 8,000 చుట్ల దగ్గర అది ఇచ్చేది ఎనిమిది హార్స్‌పవర్‌కి కాస్త తక్కువ. బండి వేగం పెరిగేకొద్దీ గాలిని చీల్చడానికి కావలసిన శక్తి వేగపు ఘనం లెక్కన పెరుగుతుంది. గంటకు 80 కిలోమీటర్ల నుంచి 90కి పోవాలంటే ఆ ఒక్క పనికే 42 శాతం అదనపు శక్తి కావాలి. ఖరీదైన ప్లగ్గు, నున్నగా సానపట్టిన పోర్టు, మోతెక్కే సైలెన్సరు మూడూ కలిపినా అంత రాదు. టాప్ స్పీడు పెంచుతామని చెప్పే సరంజామా మీద డబ్బు పోసేముందు ఈ లెక్క ఒకసారి వేసుకోవడం మంచిది.

గాలి, ఎండ, ఎత్తు

ఇంజన్ తినేది పెట్రోలు అనుకుంటాం గానీ, బరువు లెక్కన చూస్తే ఎక్కువగా తినేది గాలి. ఒక పాలు పెట్రోలు పూర్తిగా కాలడానికి 14.7 పాళ్ళ గాలి కావాలి. కాబట్టి ఏ ఊళ్ళో గాలి ఎంత చిక్కగా ఉందన్నది ట్యూనింగ్‌లో మొదటి ప్రశ్న. గన్నవరం విమానాశ్రయం సముద్రమట్టానికి 25 మీటర్ల ఎత్తున ఉంది. హైదరాబాద్‌లో బేగంపేట 530 మీటర్ల పైన ఉంది. ఈ తేడాకి గాలి సాంద్రత సుమారు 5 శాతం మారుతుంది. హైదరాబాద్‌లో కార్బురేటర్ సరిచేయించుకున్న పాత బండిని డెల్టాకి తెస్తే, ఇక్కడి చిక్కటి గాలికి ఆ పెట్రోలు కొద్దిగా చాలదు. ఇంజన్ మామూలుకన్నా వేడెక్కుతుంది, పిస్టన్ పట్టేసే ప్రమాదం పెరుగుతుంది. ఇక్కడ సరిచేసిన బండి అక్కడికి పోతే దీనికి ఎదురు. పెట్రోలు ఎక్కువై మైలేజీ పడిపోతుంది.

ఎండ ప్రభావం ఎత్తుకన్నా పెద్దది. వాతావరణ శాఖ మే నెలలో గన్నవరంలో నమోదు చేసే పగటి ఉష్ణోగ్రత 44, 45 డిగ్రీలు దాటిన రోజులు అరుదేమీ కాదు. 18 డిగ్రీల పుష్యమాసపు తెల్లవారుజాముతో పోలిస్తే 45 డిగ్రీల మధ్యాహ్నపు గాలి సుమారు 8 శాతం పలచన. అంటే ఎనిమిది హార్స్‌పవర్ బండిలో అర హార్స్‌పవర్‌కి పైగా ఎండకే పోతుంది. రోహిణి కార్తెలో ‘బండి లాగట్లేదు’ అని షెడ్డుకొచ్చే వాళ్ళలో కొందరి బండ్లకి నిజానికి ఏ జబ్బూ ఉండదు.

నేల చదును ఇంకో సంగతి. ఇంద్రకీలాద్రి ఘాట్ రోడ్డు వదిలేస్తే, రోజువారీ ఎక్కాల్సిన ఎత్తులంటే బెంజి సర్కిల్, కనకదుర్గ ఫ్లైఓవర్ల వంటివే. పరీక్ష బరువు దగ్గరే వస్తుంది. ఇద్దరు మనుషులు, మధ్యలో పిల్ల, కాళ్ళ దగ్గర బియ్యం బస్తా, ఆ పైన రామవరప్పాడు, ఎనికేపాడు, నిడమానూరు, గూడవల్లి, కేసరపల్లి మీదుగా గన్నవరం దాకా ఆగకుండా హైవే. గాలితోనే చల్లబడే చిన్న ఇంజన్‌ని మధ్యాహ్నపు ఎండలో ఇరవై కిలోమీటర్లు నిండు యాక్సిలరేటర్ మీద నడపడం దానికి కష్టమైన పనే.

రెండు స్ట్రోకుల కాలం

1946లో ఇటలీలో పియాజియో కంపెనీ కొరాదినో దస్కానియో రూపొందించిన వెస్పాను 98 సీసీ ఇంజన్‌తో తెచ్చింది. మరుసటి ఏడు మిలాన్‌లో ఇన్నోచెంతి లాంబ్రెట్టా దించింది. మన దేశంలో స్కూటర్లంటే చాలాకాలం ఈ రెండు వంశాలవే. 1972లో వచ్చిన బజాజ్ చేతక్‌ది వెస్పా వంశం. హైదరాబాద్ ఆల్విన్ వారి పుష్పక్‌ది లాంబ్రెట్టా వంశం. తర్వాత ఆంధ్రప్రదేశ్ స్కూటర్స్ పియాజియో సహకారంతో వెస్పా పీఎల్ 170ని తయారుచేసింది. చేతక్ సిలిండర్ బోరు 57, స్ట్రోకు 57, సామర్థ్యం 145.45 సీసీ. ఇంజన్ కుడిపక్కకి ఉండటంతో బండి అటే మొగ్గేది. పొద్దున్నే స్టార్టు కాకపోతే దాన్ని తనవైపు పూర్తిగా వంచి, మళ్ళీ నిలబెట్టి కిక్కు కొట్టే తండ్రిని చూడని మధ్యతరగతి ఇల్లు 1980ల్లో అరుదు.

ఈ బండ్లకి ట్యూనింగ్ అంటే చేతి పని. నిప్పు పడే వేళని కాంటాక్ట్ పాయింట్లు నిర్ణయించేవి. ఫ్లైవీల్ కిటికీలోంచి స్క్రూడ్రైవర్ పెట్టి పాయింట్ల సందు అర మిల్లీమీటరు లోపు ఉంచాలి. సందు పెరిగితే నిప్పు ముందు పడుతుంది, తగ్గితే ఆలస్యంగా పడుతుంది. తర్వాత ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ వచ్చి ఆ పనిని మాన్పించింది. పెట్రోల్లో లీటరుకి 20 మిల్లీలీటర్ల ఆయిల్ కలపాలి. ‘ఇంజన్ బాగుంటుంది’ అని ఇంకాస్త పోసే అలవాటు చాలామందికి ఉండేది. ఆ ఎక్కువ ఆయిలే ఎగ్జాస్ట్ పోర్టులో, సైలెన్సర్‌లో మసిగా పేరుకుని ఊపిరి బిగబట్టించేది.

అందుకే రెండు స్ట్రోకుల బండికి అన్నిటికన్నా గొప్ప ట్యూనింగ్, కార్బన్ కొట్టించడం. హెడ్డు విప్పి పిస్టన్ తల మీద, పోర్టు అంచుల్లో గట్టిపడిన మసిని గీకడం, సైలెన్సర్‌ని మంట మీద కాల్చి గానీ కాస్టిక్ సోడాలో నానబెట్టి గానీ దులపడం. కొత్త భాగం ఒక్కటీ వేయకుండా పోయిన పికప్ వెనక్కొచ్చేది. మసి పట్టిన సైలెన్సర్ ఎందుకంత చేటు చేస్తుందంటే, రెండు స్ట్రోకుల ఇంజన్‌లో సైలెన్సర్ పొగ గొట్టం మాత్రమే కాదు, ఊపిరితిత్తుల్లో సగం అది. పోర్టులోంచి దూసుకొచ్చిన పీడన తరంగం వెనక్కి తన్ని, బయటికి జారిపోబోయే తాజా పెట్రోలు గాలిని మళ్ళీ సిలిండర్లోకి నెడుతుంది. ఈ కిటుకుని 1950ల్లో తూర్పు జర్మనీ ఎంజెడ్ కంపెనీలో వాల్టర్ కాడెన్ లెక్కకట్టి సాధించాడు. 1961లో ఆ జట్టు రేసర్ ఎర్నెస్ట్ డెగ్నర్ పశ్చిమానికి పారిపోయి సుజుకీలో చేరడంతో ఆ విద్య జపాన్ చేరింది.

డెల్టా పల్లెల్లో స్కూటర్‌తో సమానంగా తిరిగింది టీవీఎస్ మోపెడ్. గడ్డిమోపులు, పాలక్యాన్లు, చేపల ట్రేలు, అన్నీ దాని మీదే. ఇప్పటి ఎక్సెల్ 100ది 99.7 సీసీ నాలుగు స్ట్రోకుల ఇంజన్, నాలుగున్నర హార్స్‌పవర్ లోపే. గేర్లు లేవు, బెల్టుతో నిష్పత్తి మార్చే వేరియేటర్ లేదు, ఒక్కటే నిష్పత్తి. దానికి బరువు లాగే గుణం పెంచాలంటే గొలుసు స్ప్రాకెట్ పళ్ళ లెక్క మార్చడం కన్నా సూటి దారి లేదు. ఎంత లాగితే అంత వేగం తగ్గుతుంది, అంతే.

గేర్లెస్ బండి: బెల్టు, రోలర్లు

1984లో వచ్చిన కైనెటిక్ హోండా భారతీయులకి గేరు మార్చక్కర్లేని స్కూటర్ని అలవాటు చేసింది. దానిది 98 సీసీ రెండు స్ట్రోకుల ఇంజన్. 2000 తర్వాత యాక్టివా, ఆ తర్వాత సుజుకీ యాక్సెస్, టీవీఎస్ జూపిటర్ నాలుగు స్ట్రోకులతో ఆ దారినే పట్టాయి. వీటిలో ఇంజన్ ఎంత ముఖ్యమో, ఎడమ పక్క కవరు కింద దాగి ఉన్న బెల్టు డ్రైవూ అంతే ముఖ్యం. మన మెకానిక్కులు చాలాకాలం ఇంజన్ మీదే దృష్టి పెట్టి దీన్ని చిన్నచూపు చూశారు. గేర్లెస్ స్కూటర్‌లో పోయిన పికప్ ఎక్కువసార్లు దొరికేది ఇక్కడే.

కవరు బోల్టులు విప్పగానే ముందు కనిపించేది నల్లటి పొడి, బెల్టు అరిగి రాలిన దుమ్ము. ముందు పుల్లీ తీసి వేరియేటర్ తెరిస్తే లోపల గాళ్ళలో ఆరు రోలర్లుంటాయి. కొత్తవైతే గుండ్రంగా ఉంటాయి. బరువు మోసిన బండిలో ఒకవైపు చదునుగా అరిగిపోతాయి. అలా అరిగిన రోలరు దొర్లదు, జారుతుంది, ఒకచోట ఇరుక్కుంటుంది. అప్పుడు బండి ఒక వేగం దగ్గర తడబడి, మళ్ళీ ఒక్కసారి అందుకున్నట్టు అనిపిస్తుంది. బెల్టు వెడల్పుని వెర్నియర్‌తో కొలవాలి. పైకి బాగానే కనిపించే బెల్టు ఒకటి రెండు మిల్లీమీటర్లు సన్నబడితే చాలు, పుల్లీ లోతుల్లోకి దిగిపోయి నిష్పత్తి మారిపోతుంది.

వేరియేటర్ పనిచేసే తీరు సులువే. ఇంజన్ తిరిగేకొద్దీ రోలర్లు బయటికి విసురుకుని పుల్లీ చెక్కని నెడతాయి, బెల్టు పైకెక్కుతుంది, బండి ‘పై గేరు’లోకి పోతుంది. వెనక పుల్లీలో ఉన్న స్ప్రింగు దానికి ఎదురు నిలుస్తుంది. రోలర్లు బరువుగా ఉంటే బెల్టు త్వరగా పైకెక్కుతుంది, ఇంజన్ తక్కువ చుట్లతో నింపాదిగా నడుస్తుంది, మైలేజీ వస్తుంది. తేలికగా ఉంటే ఇంజన్ ఎక్కువ చుట్లు తిరిగాకే నిష్పత్తి మారుతుంది, పికప్ వస్తుంది. 2020 తర్వాతి యాక్టివా 110 అత్యధిక టార్కు 5,250–5,500 చుట్ల దగ్గర, అత్యధిక శక్తి 8,000 దగ్గర. రోలరు బరువు మార్చడమంటే, బండి ఎక్కువసేపు ఈ రెండిటి మధ్య ఎక్కడ నడవాలో తేల్చడమే.

కంపెనీ ఈ బరువుని మైలేజీ, పొగ పరీక్షలు, సగటు మనిషి బరువు చూసి నిర్ణయిస్తుంది. రోజూ ఇద్దరు మనుషులూ బస్తాతో తిరిగే బండికి ఒక్కో రోలరు మీద ఒకటి రెండు గ్రాములు తగ్గిస్తే ఫ్లైఓవర్ ఎక్కడంలో తేడా తెలుస్తుంది. మరీ తగ్గిస్తే హైవే మీద ఇంజన్ ఊరికే అరుస్తుంది, బండి మాత్రం పోదు. ఆరూ ఒకే బరువువి ఉండాలి. ఒకటి తేడా అయితే వణుకు మొదలవుతుంది. వేరియేటర్ గాళ్ళలో గ్రీజు దండిగా పెట్టే అలవాటుంది. చాలా బండ్లకి అది పొరపాటు. గ్రీజు వేడికి కరిగి బెల్టుకి అంటుకుంటే బెల్టు జారుతుంది, కొత్త రోలర్ల ఫలితమంతా పోతుంది.

ఇంజన్ వైపు చూడాల్సినవి చిన్నవే గానీ వదిలేస్తే పెద్దవవుతాయి. వాల్వులు తెరిచే ట్యాపెట్ల సందుని చల్లని ఇంజన్ మీద ఫీలర్ గేజితో, కంపెనీ పుస్తకంలో ఉన్న అంకెకి సరిచేయాలి. బిగుసుకున్న ట్యాపెట్టు చప్పుడు చేయదు కాబట్టి ఎవరూ పట్టించుకోరు. వేడెక్కాక వాల్వు పూర్తిగా మూసుకోక కంప్రెషన్ కారిపోతుంది. చాలా స్కూటర్ల ఎయిర్ ఫిల్టరు ఆయిల్ పూసిన కాగితం రకం. కోతల కాలంలో గడ్డి ధూళి పట్టిందని దాన్ని గాలి కొట్టి శుభ్రం చేస్తే ఆ ఆయిల్ పోయి, తర్వాతి దుమ్మంతా సిలిండర్లోకి పోతుంది. దాన్ని మార్చాల్సిందే. అన్నిటికన్నా ముందు సెంటర్ స్టాండు వేసి వెనక చక్రం చేత్తో తిప్పి చూడాలి. బ్రేకు ఒరుసుకుంటుంటే, టైర్లో గాలి తక్కువుంటే, ఇంజన్‌కి ఎంత చేసినా బూడిదలో పోసిన పన్నీరే.

ప్లగ్గు విప్పి చూడటం ఇప్పటికీ పనికొచ్చే పరీక్ష. కొన లేత ఇటుక రంగులో ఉంటే మంట సరిగా ఉంది. నల్లటి పొడి మసి ఉంటే పెట్రోలు ఎక్కువ. తడి నలుపైతే ఆయిల్ పైకి వస్తోంది. తెల్లగా కాలినట్టుంటే పెట్రోలు తక్కువ, లేదా ఇన్‌టేక్ రబ్బరు పగిలి దొంగగాలి పీలుస్తోంది. ఈ చివరిదాన్ని నిర్లక్ష్యం చేయకూడదు.

ఇంజెక్షన్, ఇ20

2017 ఏప్రిల్ నుంచి బీఎస్-4, 2020 ఏప్రిల్ నుంచి బీఎస్-6 పొగ నిబంధనలు రావడంతో స్కూటర్ల నుంచి కార్బురేటర్ తప్పుకుంది. దాంతో మెకానిక్కు చేతిలోని పెద్ద ఆయుధం, మిక్శ్చర్ స్క్రూ, పోయింది. ఎగ్జాస్ట్‌లోని ఆక్సిజన్ సెన్సర్ చెప్పినదాన్ని బట్టి చిన్న కంప్యూటరే పెట్రోలు పాళ్ళను క్షణక్షణం దిద్దుకుంటుంది. హైదరాబాద్, గన్నవరం తేడాని కూడా అదే చూసుకుంటుంది. ఇప్పుడు ట్యూనింగ్ అంటే సెన్సర్లు, థ్రాటిల్ బాడీ శుభ్రంగా ఉంచడం, స్కానర్ పెట్టి లోపాల కోడ్‌లు చదవడం. పోర్టు మార్చి సైలెన్సర్ మారిస్తే కంప్యూటర్ లెక్క కొంతవరకే సర్దుకుంటుంది. ఆపైన దాని లోపలి లెక్కల పట్టిక, అంటే మ్యాపు, మార్చాలి. ఆ పని తెలిసినవాళ్ళు తక్కువ, తెలుసని చెప్పేవాళ్ళు ఎక్కువ.

పెట్రోలూ మారింది. ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిపిన ఇ20. ఇథనాల్‌కి ఒక పాలుకి 9 పాళ్ళ గాలే చాలు, దాని నుంచి వచ్చే శక్తి లీటరు లెక్కన పెట్రోలు కన్నా మూడో వంతు తక్కువ. కలిసిన ఇంధనంలో శక్తి సుమారు 7 శాతం తగ్గుతుంది. ఇంజెక్షన్ బండి పెట్రోలు కాస్త ఎక్కువ పోసుకుని సర్దుకుంటుంది. పాత కార్బురేటర్ బండికి ఆ తెలివి లేదు, పాళ్ళు పలచబడతాయి. దానికి మెయిన్ జెట్టు ఒక సైజు పెద్దది వేయడం సమంజసమే. ఇథనాల్ తేమని పీలుస్తుంది, పాత రబ్బరు భాగాల్ని పాడుచేస్తుంది. నెలల తరబడి కదలని బండి ఫ్లోట్ చాంబర్లో అడుగున నీరు చేరడం అందుకే. ఇథనాల్‌కున్న ఒక సుగుణం ఆక్టేన్. నాకింగ్ (సిలిండర్లో ఇంధనం వేళకాని వేళ పేలి టకటకమనడం) తగ్గుతుంది. కానీ దాన్ని వాడుకోవాలంటే కంప్రెషన్ ఎక్కువున్న ఇంజన్ కావాలి. పాత ఇంజన్‌కి దాని ఉపయోగం అందదు.

అంతకు మించి

స్కూటర్ ఇంజన్ని ఎంతదాకా లాగవచ్చో 1951లోనే తేలింది. ఆ ఏడాది ఫిబ్రవరిలో 125 సీసీ వెస్పా రికార్డు బండి రోమ్ దగ్గర గంటకు 171 కిలోమీటర్లు దాటింది. ఆగస్టులో రొమోలో ఫెర్రీ జర్మనీలో సూపర్‌చార్జర్ బిగించిన 125 సీసీ లాంబ్రెట్టా మీద 200 దాటాడు. అయితే అవి నున్నటి తొడుగులో ముడుచుకు కూర్చుని నడిపిన బండ్లు. ఇంజన్‌తో సమానంగా ఆ తొడుగు కూడా గెలిచింది.

ఇప్పుడు ఇటలీలో మలోస్సి, పోలిని వంటి సంస్థలు పెద్ద బోరు సిలిండర్లు, వేరియేటర్లు అమ్ముతాయి. మన దగ్గర ‘బోరు చేయించడం’ వేరు. అరిగిన సిలిండర్ని ఆటోనగర్‌లో గీయించి పావు, అర, ఒక మిల్లీమీటరు పెద్ద పిస్టన్ వేస్తారు. 47 మిల్లీమీటర్ల బోరు 48 అయితే సామర్థ్యం పెరిగేది 4 శాతమే. ఇది మరమ్మతు, ట్యూనింగ్ కాదు. కొత్త పిస్టన్ వేసిన బండి చురుగ్గా ఉండేది కంప్రెషన్ తిరిగి రావడం వల్ల. హెడ్డుని లేత్ మీద గీయించి కంప్రెషన్ పెంచడం కూడా కొందరు చేస్తారు. డెల్టా ఎండలో, నిండు బరువు మీద, నాకింగ్‌ని అంతకన్నా కోరి తెచ్చుకునే పని ఉండదు. వేగం నిజంగానే పెరిగిందే అనుకుందాం. ఆపాల్సింది మాత్రం కంపెనీ ఇచ్చిన అవే డ్రమ్ బ్రేకులు.

చట్టం ఇందులో కచ్చితంగా ఉంది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, కంపెనీ మొదట ఇచ్చిన వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 సవరణ తర్వాత అలాంటి ఒక్కో మార్పుకీ యజమానికి 5 వేల రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడవచ్చు. 80 నుంచి 175 సీసీ బండి చప్పుడు తయారీలో 77 డెసిబెల్స్ దాటకూడదు. మోతెక్కే సైలెన్సర్లను పోలీసులు విప్పించి రోడ్డు రోలరు కింద తొక్కించడం తెలుగు నగరాల్లో మామూలైంది. రోలర్లు, బెల్టు, ప్లగ్గు, ట్యాపెట్ల సర్దుబాటుతో ఈ బాధ లేదు.

నీళ్ళలో మునిగిన ఇంజన్

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్, పాయకాపురం, వాంబే కాలనీ ప్రాంతాలు రోజుల తరబడి నీళ్ళలో ఉన్నాయి. నీరు తీశాక ఇంటింటి ముందూ బురద పట్టిన స్కూటర్లే. డెల్టా మెకానిక్కుకి ఇది కూడా ట్యూనింగ్‌లో భాగమే, మిగతా చోట్ల పుస్తకాల్లో లేని అధ్యాయం.

మునిగిన బండిని మొదట స్టార్టు చేయకూడదు. సెల్ఫ్ అసలు నొక్కకూడదు. సిలిండర్లో నీరుంటే పిస్టన్ దాన్ని నొక్కలేదు, కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది. ప్లగ్గు విప్పి, కిక్కుని చేత్తో నెమ్మదిగా నొక్కి నీరు బయటికి పంపాలి. ఎయిర్ ఫిల్టరు పెట్టె విప్పాలి, ఆ ఫిల్టరు ఇక పనికిరాదు. ఇంజన్ ఆయిల్ దించితే పాలు కలిపిన టీలా వస్తుంది. కొత్త ఆయిల్ పోసి కాసేపు నడిపి మళ్ళీ దించడం రెండు మూడుసార్లు చేస్తే గానీ రంగు తేటపడదు. వెనక చక్రం గేరుపెట్టెకి వేరే ఆయిలుంటుంది, దాన్ని మరిచిపోయిన బండ్లు నాలుగైదు నెలలకి బేరింగు మోతతో తిరిగొస్తాయి.

బెల్టు కవరు విప్పి బురద కడిగి, క్లచ్ షూలు, బెల్ ఆరబెట్టి, వేరియేటర్ బుష్‌లో తుప్పు గీకాలి. అది వదిలేస్తే రోలర్లు ఇరుక్కుని బండి కదలడానికే ఆలోచిస్తుంది. ఇంజెక్షన్ బండిలో పెట్రోలు ట్యాంకు ఖాళీ చేయాలి, ట్యాంకులోని పంపుకి నీరు విషం. కంప్యూటర్ డబ్బా కనెక్టర్లు ఒక్కొక్కటీ ఊడదీసి స్ప్రేతో శుభ్రం చేసి, పచ్చగా తుప్పు పట్టిన పిన్నుల్ని మార్చాలి. బీమా ఉన్నవాళ్ళు ఇవేవీ మొదలుపెట్టకముందే సర్వేయర్‌కి బండి చూపించాలి. నీళ్ళలో ఉండగా సెల్ఫ్ కొట్టి ఇంజన్ పోగొట్టుకుంటే, ఇంజన్‌కి విడిగా రక్షణ కొనుక్కోని పాలసీలో ఆ నష్టాన్ని కంపెనీ సాధారణంగా ఒప్పుకోదు.